పిల్ల పాఠం గడగడా చదివేస్తుంది, కొత్త వాక్యం ఇస్తే నోరు పెగలదు. తేడా ఎక్కడుంది?

రెండు, మూడు తరగతులు చెప్పేవాళ్ళు నన్ను ఎక్కువసార్లు అడిగేది ఇదే. క్లాసులో బానే చదివేది సార్, టెస్టులో పేరా ఇస్తే ఒక్క ముక్క రాలేదు, భయపడిందేమో అంటారు. భయం కాదండీ. చాలాసార్లు ఆ పిల్లకి చదవడం ఇంకా రాలేదు, పాఠం నోటికొచ్చేసింది అంతే.

ముందు చేయాల్సిన చెక్ అర నిమిషం పని, అందరూ వదిలేసేది దాన్నే. పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అని అడగండి. మొదటి లైను నుంచి గొణుక్కుంటూ అక్కడిదాకా వచ్చి చెప్తే అది చదవడం కాదు, అప్పజెప్పడం. తర్వాత ఆ పాఠంలో మాటలే తీసుకుని బోర్డు మీద తిరగేసి రాయండి. పాఠంలో కాకి కుండ మీద వాలింది అని ఉంటే, కుండ కాకి మీద పడింది అని రాయండి. రాసింది రాసినట్టు చదివితే సరే, కాకి కుండ మీద వాలింది అనే చెప్పిందంటే విషయం తెలిసిపోయినట్టే.

నేను దీంతో గట్టిగా దెబ్బతిన్నాను. మూడో తరగతి పాప, రాగం తీయకుండా, తడబడకుండా చదువుతుంది, నేను రిజిస్టర్‌లో ధారాళంగా చదువుతుంది అని రాసేశాను. ఒకరోజు చదువుతూ పేజీ తిప్పేటప్పుడు రెండు కాగితాలు అంటుకుని కలిసి తిరిగాయి. పాప ఆగలేదు, పుస్తకంలో కనపడని పేజీని కూడా వరసగా చదువుకుంటూ పోయింది, వేలు మాత్రం ఎదురుగా ఉన్న లైన్ల మీద జరుగుతోంది. అప్పటికి సంవత్సరంలో సగం అయిపోయింది, ఆ ఆరు నెలలు ఆ పాపకి గుణింతాలు చెప్పాల్సింది, నేను ప్రశ్నలు జవాబులు రాయించాను. అది ఇప్పటికీ బాధే.

తప్పు పిల్లలది కాదు. మనం ఒక లైను చదువుతాం, క్లాసంతా కలిసి అంటారు, పది రోజులు అలాగే జరిగితే ఏడేళ్ళ పిల్లల జ్ఞాపకశక్తికి ఒక పాఠం ఎంత. టెస్టు దగ్గరా ఇదే. పిల్లల్ని లైన్లో నిలబెట్టి ఒకే పేరా అందరికీ ఇస్తాం, వెనకాల నిలబడ్డవాళ్ళు ముందు నలుగురు చదివింది వింటారు, ఐదోవాడు చదివాడో విన్నది చెప్పాడో మనకెలా తెలుస్తుంది? పల్లెల్లో పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వేలో ఒకే స్థాయికి వేర్వేరు శాంపిళ్ళు పెట్టుకునేది ఊరికే కాదు. ఒక్కొక్కరినీ వరండాలోకి పిలవండి, కనీసం నాలుగు రకాల పేరాలు దగ్గర పెట్టుకోండి, సంవత్సరం మొదట్లో పెట్టే బేస్‌లైన్ టెస్టుకి వాడిన కార్డు మధ్యలో పెట్టే మిడ్‌లైన్‌కి మళ్ళీ తీయకండి.

ఇక బాగుచేయడం. కలిసి చదివించడం మానక్కర్లేదు, పిల్లలకి అదంటే ఇష్టం. అది అయ్యాక వాక్యాల్ని చీటీలుగా కత్తిరించి కలిపేసి ఇవ్వండి, వాళ్ళే వరస పెట్టాలి. రోజూ నాలుగు కొత్త లైన్లు మీరే రాయండి, వాళ్ళకి వచ్చిన అక్షరాలతోనే, క్లాసులో పిల్లల పేర్లు పెట్టి. గుణింతంలోనూ ఇదే జబ్బు ఉంటుంది, కీ చూపిస్తే లోపల క కా కి కీ అని లెక్కపెట్టుకుని వస్తారు. అడ్డంగా చెప్పించడం ఆపి నిలువుగా చదివించండి, కి గి తి ని లి, తర్వాత కలగాపులగంగా. మొ, యొ మిగతా ఒత్వాల్లా ఉండవు, పు, వు లో కొమ్ము వేరేగా ఉంటుంది, వాటికి విడిగా ఒక రోజు పెట్టండి.

ఒత్తుల దగ్గర కూడా మోసపోతాం. అమ్మ చదివాడు కాబట్టి మ ఒత్తు వచ్చేసింది అనుకుంటాం, వాడికి అమ్మ అనేది ఒక బొమ్మ లాంటిది. కొమ్మ, నిమ్మ రాసి చూపించండి. గ్గ, ద్ద, బ్బ ఒత్తుల్లో అసలు అక్షరం పోలిక కనిపిస్తుంది కాబట్టి అవి ముందు, క త న మ య ర ల ఒత్తుల రూపం పూర్తిగా మారిపోతుంది కాబట్టి అవి నిదానంగా.

కొత్త పేరా చదువుతాడు కానీ ఏమడిగినా చెప్పలేడు అంటే వేరే సంగతి. ఇంట్లో లంబాడీనో గోండీనో మాట్లాడే పిల్లలైతే పేరాలో మాటలు ముందు నోటితో మాట్లాడించి తర్వాత చదివించండి. స్పీడ్ ఒక్కటే చూసి కూర్చున్నా ఇలాగే అవుతుంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అంది, అర్థం చేసుకుంటూ అని కూడా అంది, ఆ రెండో ముక్క మర్చిపోతున్నాం.

బోర్డు మీదవి తప్పు చదివి పుస్తకంలోవి సరిగ్గా చదివితే ముందు బెంచీకి మార్చండి, కళ్ళ పరీక్ష చేయించమని ఇంట్లో చెప్పండి. డిస్లెక్సియా, అంటే పుట్టుకతో చదవడంలో ఉండే ఇబ్బంది, అని మాత్రం తొందరపడి అనకండి. పైవన్నీ మూడు నాలుగు నెలలు చేశాక కూడా అక్షరాలు నిలవకపోతే అప్పుడు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్‌కి చూపించండి.