సంక్రాంతి ప్రయాణానికి ముందు డీజిల్ కారు పొగను పరీక్షించుకోండి

పండగకు హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకో, ఉత్తరాంధ్రకో డీజిల్ కారులో బయలుదేరేవారు టైర్లు, బ్రేకులు చూసుకుంటారు గాని సైలెన్సర్ పొగను అంతగా పట్టించుకోరు. ఏడాదంతా నగరంలో నాలుగైదు కిలోమీటర్ల చొప్పున తిరిగిన బండి, నిండా మనుషులతో, సామానుతో ఒక్కసారిగా వందల కిలోమీటర్లు పరుగెత్తవలసి వచ్చినప్పుడే, అంతవరకు దాగి ఉన్న లోపం బయటపడుతుంది. అందుకే కనీసం పది రోజుల ముందు ఈ పరీక్ష చేసుకోవాలి.

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పదిహేను నిమిషాలు నడిపాక మరొకసారి పొగను గమనించాలి. ఈ పని ఆరుబయటే చేయాలి. సెల్లార్‌లోనో, మూసిన షెడ్డులోనో ఇంజిన్‌ను నడపకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు కనుక ప్రమాదం ముంచుకొచ్చినా తెలియదు.

చలి ఉదయాల్లో తెల్లగా వచ్చి వెంటనే గాలిలో కలిసిపోయేది నీటి ఆవిరి మాత్రమే. కళ్లు మండించే డీజిల్ వాసనతో వచ్చే తెల్ల పొగ, హీటర్ ప్లగ్‌లు పనిచేయడం లేదనో, ఇంజెక్టర్ కారుతోందనో సూచిస్తుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో దట్టంగా కొనసాగుతూ, కూలెంట్ మట్టం తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకు, పై భాగానికి మధ్య ఉండే సీలు) అనుమానించి ప్రయాణాన్ని మానుకోవాలి. నీలి పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతోందనడానికి గుర్తు. అది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) సీళ్ల నుంచో, పిస్టన్ రింగుల నుంచో రావచ్చు. నల్ల పొగ వస్తే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని అర్థం: ఎయిర్ ఫిల్టర్ పూడిపోయి ఉండవచ్చు, టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే గొట్టం చిరిగి ఉండవచ్చు, కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని బిగుసుకుపోయి ఉండవచ్చు.

పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తనంతట తాను చెడిపోవడం అరుదు. దానికి ముందున్న భాగాల్లోని లోపాలే దాన్ని చంపుతాయి. ప్లాటినం, పెల్లేడియం పూత ఉన్న ఆ జాలిలో కార్బన్ మోనాక్సైడ్, కాలని ఇంధనం పూర్తిగా కాలిపోవాలంటే తగిన వేడి ఉండాలి, పూత శుభ్రంగా ఉండాలి. కాలిన ఆయిల్ బూడిద, కూలెంట్ మడ్డి ఆ పూతను కప్పివేస్తాయి. కాబట్టి పొగకు మూలం తేల్చకుండా కన్వర్టర్‌ను మార్పిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. నేనొకసారి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రం చేయించడానికి పెద్ద మొత్తం చెల్లించాక, అసలు లోపం చీలిపోయిన టర్బో గొట్టంలో ఉందని తేలింది. ఆ గొట్టాన్ని ముందే చేత్తో తడిమి చూసి ఉంటే సరిపోయేది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్6 (భారత్ స్టేజ్ 6) కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో ఈ డీపీఎఫ్ ఉంటుంది. అలాంటి కారు నల్ల పొగ వదిలినా, పొగ గొట్టం లోపలి అంచున వేలికి మసి దట్టంగా అంటినా, ఫిల్టర్ పగిలిందనో, పాత యజమాని దాన్ని తీయించేశాడనో భావించాలి. ఫిల్టర్ బాగానే ఉన్నా, దానిలో పేరుకున్న మసి సుమారు 600 డిగ్రీల వేడి వద్ద కాలిపోవాలి. రీజనరేషన్ అనే ఆ పని చిన్న చిన్న ప్రయాణాల్లో మధ్యలోనే ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలిగితే, మాన్యువల్‌లో చెప్పిన వేగంతో ఇరవై నిమిషాల పాటు హైవే మీద ఆగకుండా నడపడం చాలా సందర్భాల్లో సరిపోతుంది. దీపం మెరుస్తూ ఉన్నా, చెక్ ఇంజిన్ దీపం తోడైనా, పికప్ పడిపోయినా స్కానర్ పెట్టించాలి. స్కానర్‌లో కనిపించే పీ2463 (P2463) కోడ్ మసి మితిమీరిందని చెబుతుంది; అయితే ఫిల్టర్ పీడనాన్ని కొలిచే సెన్సర్ గొట్టాలు చీలినా తప్పు లెక్క వస్తుంది కనుక ముందు వాటిని చూడమని మెకానిక్‌ను అడగండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే, సగంలో ఆగిన రీజనరేషన్ల వల్ల డీజిల్ ఆయిల్‌లో కలిసిందని తెలుసుకుని, ఆయిల్ మార్పించాకే బయలుదేరాలి. మాన్యువల్‌లో సూచించిన తక్కువ బూడిద రకం ఆయిల్‌నే పోయించాలి. ఫిల్టర్ లోపలి భాగం తీసేసి ఖాళీ డబ్బా బిగిస్తామనే వారి మాట వినవద్దు. అది చట్టవిరుద్ధం, మన వెనుక వచ్చేవారి ఊపిరితిత్తులకు హాని.

దారిలో నీలి పొగ కమ్ముకుని, యాక్సిలరేటర్ వదిలినా, తాళం తిప్పినా ఇంజిన్ ఆగక వేగం పెరిగిపోతుంటే, అది టర్బో నుంచి కారే ఆయిల్‌నే ఇంధనంగా తాగుతోందని గుర్తించాలి. మాన్యువల్ గేర్ల బండిని పక్కకు ఆపి, బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే ఇంజిన్ ఆగుతుంది. ఆటోమేటిక్ బండైతే అందరినీ దింపి దూరంగా నిలబడాలి, బానెట్ తెరవవద్దు.

ఈ కాలంలో రోడ్ల పక్కన ఆరబోసిన వరిగడ్డి మీద కారును నిలపకండి. రీజనరేషన్ జరుగుతున్నప్పుడు డీపీఎఫ్ అడుగుభాగం ఎండుగడ్డిని అంటించగలిగేంత వేడిగా ఉంటుంది. ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తుంటే, గడ్డి లేని గట్టి నేల చూసుకుని అక్కడే బండిని ఉంచండి.