రేడియోలో లైవ్‌గా పాడి, ఆల్బమ్ గురించి మాట్లాడాలంటే

అరగంట స్లాట్ ఇచ్చారంటే మూడు పాటలకు మించి పెట్టుకోవద్దు. ఒక్కోటి 4 నిమిషాల చొప్పున 12, మాటలకు మరో 12. మిగిలింది అనౌన్సర్‌ది. ఆల్బమ్‌లో 6 నిమిషాలున్న పాటకు ఇంటర్‌లూడ్‌లు (నడుమ వచ్చే వాయిద్యాల భాగాలు) తగ్గించండి, చరణం మాత్రం కోయొద్దు. రేడియోలో శ్రోత పట్టుకునేది సాహిత్యాన్నే.

గాత్రం, గిటారు, వెదురు ఫ్లూట్, తబలా ఉన్న చిన్న బృందం అనుకుందాం. గంటన్నర ముందే చేరి, వాయిద్యాలను పెట్టెల్లోంచి తీసి అరగంట స్టూడియో చలిలో ఉంచాలి. ఏసీ గదిలో గిటారు తీగలు బిగిసి శ్రుతి పైకి పోతుంది, ఫ్లూట్ మాత్రం కిందికి దిగుతుంది. బయట వరండాలో శ్రుతి చేసుకుని లోపలికొస్తే రెండూ చెరో దారి పట్టేది ఇందుకే. వెదురు ఫ్లూట్‌ను సవరించలేం కాబట్టి, దాన్ని ఓ పది నిమిషాలు వాయించి వేడెక్కించాక మిగతావాళ్ళు దానికి కలుపుకోవాలి.

ఇక మైకులు. అసలు కష్టమంతా ఇక్కడే. గాయనికి జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (‘ప’, ‘బ’ల ఊపిరి దెబ్బను ఆపే జల్లెడ). గిటారుకు 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) ఎదురుగా 25 సెంటీమీటర్లు. గుండ్రటి రంధ్రానికి నేరుగా పెడితే గుమ్ముమని మోత వస్తుంది. ఫ్లూట్‌కు ఊదే రంధ్రం ముందు వద్దు, ఊపిరి బుస కొడుతుంది. వేళ్ళ రంధ్రాలకూ దానికీ మధ్యన, పైనుంచి 30 సెంటీమీటర్లలో పెట్టాలి. తబలాకు దాయా, బాయాల (కుడి, ఎడమ వాయిద్యాల) నడుమ, అంతే ఎత్తులో ఒక్కటి చాలు.

ఒక మైకు తన వాయిద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క మైకు ఆ మైకు నుంచి కనీసం అంతకు మూడింతల దూరంలో ఉండాలి. లేదంటే ఒకే శబ్దం రెండు మైకుల్లో కాస్త తేడాతో పడి, గొట్టంలోంచి పాడినట్టు వినిపిస్తుంది. ఒకే స్పీకరున్న రేడియోలో రెండు ఛానెళ్ళూ కలిసిపోతాయి కాబట్టి ఆ లోపం ఇంకా బయటపడుతుంది. సౌండ్ చెక్‌లో ఒకసారి మోనోలో (రెండు ఛానెళ్ళూ ఒకటిగా కలిపి) వినిపించమని ఇంజనీరును తప్పక అడగండి. కార్డియాయిడ్ మైకు, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది, వెనకవైపు చెవిటిది. అందుకే గాయని తబలా వైపు తిరిగి కూర్చుంటే, ఆమె మైకు వీపు తబలాకు వస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోగలుగుతారు కూడా.

గిటారును డీఐ బాక్స్‌తో (వాయిద్యాన్ని మైకు లేకుండా నేరుగా కన్సోల్‌కు కలిపే పెట్టె) కలిపితే, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోనే వెళ్ళే కరెంటు) వేసేముందు ఆ ఛానెల్ మ్యూట్‌లో ఉండాలి. 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, తర్వాత డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్త్ కలయికను విడదీసే స్విచ్) నొక్కండి. తంబురా యాప్ వాడే ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి. గాజులు, పట్టుచీర సరసర, కాగితాల చప్పుడు అన్నీ వినపడతాయి: స్టేషన్ ప్రాసెసర్ సన్నటి శబ్దాలను పైకి లాగుతుంది.

సౌండ్ చెక్‌లో పల్లవి మెల్లగా పాడి వదిలేయకండి. అన్నిటికన్నా గట్టిగా పాడే తారస్థాయి సంగతే వినిపించండి, మీటరులో పీక్‌లు (అత్యధిక స్థాయిలు) మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి. హెడ్‌ఫోన్ ఒక చెవికే. అందులో వినాల్సింది కన్సోల్ (ఇంజనీరు మిక్సింగ్ బల్ల) నుంచి వచ్చే శబ్దం. ప్రసారాన్ని తిరిగి వింటే ఆలస్యంగా వచ్చి తాళం తప్పిస్తుంది.

మాట్లాడటానికి వేరే మైకు అడగండి. పాటకు సరిపెట్టిన లెవెల్‌లో మాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది. ఒక్కో జవాబు 40 సెకన్లు దాటకూడదు. ఆల్బమ్ పేరు మొదట్లో, మధ్యలో, చివర్లో చెప్పాలి. శ్రోతలు నడుమ వచ్చి చేరుతుంటారు, అందుకే ‘ఇందాక చెప్పినట్టు’ అనే మాట వాళ్ళకు పనికిరాదు. ‘చాలా కష్టపడ్డాం’ అనే కన్నా, ‘రెండో చరణంలో తబలా ఆగిపోతుంది, అక్కడ ఫ్లూట్ ఒక్కటే గొంతుతో నడుస్తుంది, వినండి’ అనండి. శ్రోత ఆ చోటు కోసం ఎదురుచూస్తూ పాటంతా వింటారు. రచయిత, స్వరకర్త పేర్లు, రాగం ఉంటే రాగం పేరు తెలుగులో రాసి అనౌన్సర్‌కు ముందురోజే ఇవ్వండి.

పాట ముగిశాక గిటారు మోగడం ఆగేదాకా, సుమారు 3 సెకన్లు, ఎవరూ కదలొద్దు. పెన్‌డ్రైవ్‌లో ఆ మూడు పాటల రికార్డింగులూ వేవ్ (WAV) ఫైళ్ళుగా ఇంజనీరు దగ్గర ఉంచండి. తీగ తెగితే కొత్తది వేసి శ్రుతి చేసేలోగా అవి ప్రసారమవుతాయి.