నెల రోజుల్లో నవల చిత్తుప్రతి: ఉత్సాహం సడలకుండా రాయడం ఎలా?

నవల మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. నాలుగైదు అధ్యాయాలు దాటేవాళ్ళు తక్కువ. నేను చూసినంతవరకు, ఆగిపోయిన నవలల్లో ఎక్కువ భాగం కథ బాగాలేక ఆగలేదు. మధ్యలో పది రోజులు ఖాళీ వచ్చింది, పాత్రలు మనసులోంచి జారిపోయాయి, అంతే. పది రోజుల తర్వాత కూర్చుంటే మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాలి. చదివితే దిద్దాలనిపిస్తుంది. దిద్దడం మొదలుపెడితే కథ అక్కడే నిలబడిపోతుంది. నా మొదటి నవల మూడేళ్ళపాటు నాలుగు అధ్యాయాల దగ్గరే తిరిగింది. రెండోదాని చిత్తుప్రతి 35 రోజుల్లో పూర్తయింది. రోజూ రాస్తుంటే నిన్నటి సంభాషణ ఇంకా చెవిలో మోగుతూనే ఉంటుంది. వేగంగా రాయడంలో ఉన్న అసలు లాభం అదే.

1. ముందు లెక్క వేసుకోండి

నెలలో నవల అనగానే 50,000 పదాలనే అంకె వినిపిస్తుంది. 1999లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మందితో మొదలైన నానోరైమో అనే రాత పందెం ఆ అంకెను ప్రపంచమంతా తిప్పింది. 30 రోజులకు పంచితే రోజుకు 1,667 పదాలు. అయితే ఇది ఇంగ్లీషు లెక్క. తెలుగులో విభక్తి, కాలం, లింగం, వచనం అన్నీ పదానికే అతుక్కుని వస్తాయి. ‘వెళ్ళిపోవాలనుకుంటున్నాడు’ అనేది మనకు ఒకే పదం. ఇంగ్లీషులో దీనికి ఐదారు పదాలు కావాలి. కాబట్టి ఆ అంకెను అలాగే నెత్తిన పెట్టుకుంటే అనవసరంగా టెన్షన్ పడతారు.

తెలుగులో మొదటి చిత్తుప్రతికి 30,000 పదాలు మంచి లక్ష్యం. నెలలో 26 రోజులే రాస్తామనుకుని, నాలుగు రోజులు జ్వరానికో ప్రయాణానికో వదిలేయండి. అప్పుడు రోజుకు దాదాపు 1,150 పదాలు వస్తాయి. ఈ నాలుగు రోజులు లెక్కలో లేకపోతే, మొదటి అవాంతరానికే పని చేయి దాటిపోయిందనిపిస్తుంది.

2. సన్నివేశాల చీటీ రాసుకోండి

పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. పాతిక ముప్పై సన్నివేశాలు, ఒక్కోదానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యంలో మూడు సంగతులు ఉండాలి: ఎవరికి ఏం కావాలి, దానికి అడ్డు ఏమిటి, సన్నివేశం అయ్యేసరికి ఏం మారింది. ‘అక్క ఇల్లు అమ్మేద్దామని అడగడానికి వస్తుంది, తమ్ముడు మాట దాటేస్తాడు, వెళ్ళేముందు ఆమెకు తాకట్టు కాగితం కనిపిస్తుంది.’ ఇలా ఉంటే చాలు. ‘అక్కాతమ్ముళ్ళ మధ్య ఘర్షణ’ అని రాసుకుంటే మాత్రం ఆ రోజు కూర్చున్నాక ఏం రాయాలో తెలియక అరగంట పోతుంది.

ముగింపు ఎటువైపో తెలిస్తే మంచిది. తెలియకపోయినా ఆగొద్దు. మొదటి పది సన్నివేశాలు చేతిలో ఉంటే బయల్దేరవచ్చు.

3. వేళ ఒకటే ఉంచండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి

పొద్దున్నా రాత్రా అన్నది మీ ఇష్టం. రోజూ ఒకే వేళ ఉండడం మాత్రం ముఖ్యం. ‘ఖాళీ దొరికినప్పుడు’ అనుకుంటే ఆ ఖాళీని ఇంకేదో పని తీసేసుకుంటుంది. ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకోవడం సరిపోదు. చేతికి అందే దూరంలో ఉంటే, కష్టమైన వాక్యం ఎదురైన ప్రతిసారీ చేయి దానివైపే వెళ్తుంది. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి: ఈ రెండు గంటలు నన్ను పిలవొద్దు, ఆ తర్వాత ఏ పనికైనా సరే. ఎప్పటిదాకా అన్నది కచ్చితంగా చెబితే చాలామంది సహకరిస్తారు.

4. టైమర్ పెట్టుకుని చిన్న విడతల్లో రాయండి

ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలోప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, రోజూ తెల్లవారుజామున 5:30కి రాతబల్ల ముందు కూర్చునేవారు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవారు. మనకు అంత వేగం అవసరం లేదు. 25 నిమిషాలు రాత, ఐదు నిమిషాల విరామం, దీన్నే పొమొడోరో పద్ధతి అంటారు. విడతకు మూడు వందల పదాలు వచ్చినా నాలుగు విడతల్లో ఆ రోజు పని అయిపోతుంది.

విరామంలో లేచి నడవండి, నీళ్ళు తాగండి. స్క్రీన్ మాత్రం చూడొద్దు. తెరిచిన మెసేజ్ ఒకటే అయినా, తర్వాతి విడత మొత్తం అదే తలలో తిరుగుతుంది.

టైపింగ్ నెమ్మదిగా వస్తుంటే గొంతుతో రాయండి. ఫోన్ కీబోర్డులు తెలుగు మాటలను అక్షరాల్లోకి బాగానే మారుస్తున్నాయి. తప్పులు వస్తాయి, తర్వాత సరిచేసుకోవచ్చు. 1866లో ప్రచురణకర్త పెట్టిన గడువు మీద పడుతుంటే రష్యన్ నవలాకారుడు దస్తయేవ్‌స్కీ ఒక నవలను స్టెనోగ్రాఫర్‌కు చెప్పి రాయిస్తూ 26 రోజుల్లో ముగించారు. ఆయన కూడా రాత్రిపూట నోట్సు సిద్ధం చేసుకుని మర్నాడు చెప్పేవారు. మాట వేగంగా రావాలంటే సన్నివేశం ముందే మనసులో ఉండాలి.

5. వెనక్కి వెళ్ళి దిద్దకండి

అన్నిటికన్నా కష్టమైన దశ ఇదే. నిన్న రాసింది బాగాలేదని తెలిసీ ముందుకు వెళ్ళడం మనసుకు నచ్చదు. కానీ పదో అధ్యాయం రాశాక రెండో అధ్యాయమే అక్కర్లేదని తేలవచ్చు. దానికి మెరుగుపెట్టిన రోజులన్నీ వృథా అయినట్టే. నా మొదటి నవల ప్రారంభాన్ని పదకొండు సార్లు తిరగరాశాను. ఇప్పుడు ఆ ప్రారంభం పుస్తకంలో లేనే లేదు.

దీనికి రెండు పరికరాలు దగ్గర పెట్టుకోండి. మొదటిది గుర్తు. రాస్తుండగా తెలియని సంగతి వస్తే, ఉదాహరణకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రైల్లో ఎన్ని గంటలు పడుతుందో, వెతకడానికి వెళ్ళకండి. వెతుకులాట ఐదు నిమిషాల్లో ఆగదు. ఆ చోట @@ అని పెట్టి ముందుకు సాగండి. మామూలు రాతలో ఎక్కడా రాని గుర్తు కాబట్టి తర్వాత ఫైల్లో వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. మాట దొరక్కపోయినా, పాత్రకు పేరు తట్టకపోయినా ఇదే గుర్తు పెట్టండి.

రెండోది మార్పుల చీటీ. పదిహేనో సన్నివేశంలో ఉండగా, కథానాయిక ఉపాధ్యాయురాలు కాకుండా నర్సు అయితే బాగుంటుందని తోచిందనుకోండి. చీటీలో ‘ఇక నుంచి నర్సు’ అని రాసి, పదహారో సన్నివేశం నుంచి ఆమె మొదటి నుంచీ నర్సే అన్నట్టు రాసుకుంటూ పొండి. వెనకటి పేజీలను తర్వాత సరిచేద్దాం. చిత్తుప్రతిలో ఆమెకు రెండు ఉద్యోగాలు ఉన్నా ఎవరూ చూడరు.

6. రేపటికి కొంచెం మిగల్చండి

ఉత్సాహం గురించి నాకు తెలిసినదంతా ఈ ఒక్క అలవాటులోనే ఉంది. సన్నివేశం పూర్తిగా ముగించి లేవకండి. ఏం జరగబోతోందో మీకు స్పష్టంగా తెలిసిన చోట, ఇంకా నాలుగు వాక్యాలు రాయగలిగి ఉన్నప్పుడే ఆపండి. అమెరికన్ రచయిత హెమింగ్వే పాటించిన పద్ధతి కూడా ఇదే. తలుపు తట్టిన చప్పుడు వినిపించింది, ఎవరో మీకు తెలుసు, తలుపు ఇంకా తీయలేదు. అక్కడ ఆపండి.

ఆపాక రెండు లైన్లు రాయండి: రేపు ఏ సన్నివేశం, దాని మొదటి వాక్యం ఏమిటి. మర్నాడు మీరు కూర్చునేది తెల్లకాగితం ముందు కాదు, సగంలో ఉన్న మాట ముందు. ఉత్సాహం వచ్చాక రాద్దామని చూస్తే అది రాదు. మొదటి ఐదు వాక్యాలు రాశాక అదే వస్తుంది. ఆ ఐదు వాక్యాలను సులువు చేయడమే మన పని.

7. మధ్యలో వచ్చే నీరసానికి సిద్ధంగా ఉండండి

రెండో వారం చివర్లోనో మూడో వారం మొదట్లోనో కథ చప్పబడిపోయినట్టు అనిపిస్తుంది. కొత్తదనం తీరిపోయి ఉంటుంది, ముగింపు ఇంకా దూరంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఇంకో మెరుపులాంటి కథ తలలోకి వస్తుంది. దాన్ని అరపేజీలో రాసి పక్కన పెట్టండి. దానికీ ఒక మూడో వారం ఉంటుంది.

ఇక్కడ నాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, ఇప్పటిదాకా ఒకరినొకరు తప్పించుకు తిరుగుతున్న రెండు పాత్రలను ఒకే గదిలో కూర్చోబెట్టడం. మధ్యభాగం చప్పగా ఉందంటే తరచుగా అసలు గొడవను మనమే వాయిదా వేస్తున్నామని అర్థం. రెండోది, వరస తప్పడం. మొదటి నుంచీ రాయాలని ఉవ్విళ్ళూరుతున్న సన్నివేశం ఏదైనా ఉంటే, అది చివరిదైనా సరే, ఈరోజే రాసేయండి. చేరాల్సిన చోటు కాగితం మీద కనిపిస్తే దారి అదే తేలికపడుతుంది.

8. ఒక రోజు తప్పితే

తప్పిన 1,150 పదాలను మర్నాటి మీద వేయకండి. 2,300 అనే అంకె చూడగానే ఆ రోజు కూడా పోతుంది. ఇంకా 20 రోజులుంటే రోజుకు 58 పదాలు పెంచండి, అంటే నాలుగైదు వాక్యాలు. వీలే లేని రోజున కనీసం పది నిమిషాలు కూర్చుని వంద పదాలు రాస్తే, పాత్రలతో మాట తెగకుండా ఉంటుంది.

రాత్రి ఫైలును మీకు మీరే మెయిల్ చేసుకోండి. మణికట్టు నొప్పి పుడితే ఆ పూట ఆపేయండి.

చివరి సన్నివేశం అయ్యాక ఫైలు మూసి, కనీసం రెండు మూడు వారాలు తెరవొద్దు. ఆ తర్వాత ప్రింటు తీసి, పెన్ను పక్కన పెట్టి, ఒక పాఠకుడిలా ఏకబిగిన చదవండి. దిద్దుబాటు, @@ గుర్తులు, మార్పుల చీటీ అన్నీ ఆ చదువు అయ్యాకే.