కాన్పులో తోడు, 4వ పాఠం: గోరువెచ్చని నీళ్లు, నడుముకు ఒత్తు

పోయిన పాఠంలో ఊపిరి గురించి చెప్పుకున్నాం. ఈసారి చేతులకు పని: కాన్పు నొప్పులు పడే ఆమెకు గోరువెచ్చని నీళ్లు పోయడం, నడుము ఒత్తడం. తోడుగా వెళ్లేది అమ్మయినా, అక్కయినా, అత్తగారయినా, ఇంట్లోనే ఒకసారి చేసి చూసుకోండి. ప్రభుత్వాసుపత్రి లేబర్ రూమ్‌లోకి ఒక ఆడతోడును రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. ఆ సంగతి నెలలు నిండకముందే ఆసుపత్రిలో అడిగి ఉంచుకోండి, ఆ రోజు టెన్షన్ ఉండదు.

నీళ్లకు టబ్బే అక్కర్లేదు. జారని స్టూలు, బకెట్, మగ్గు చాలు. నొప్పులు పడే ఆమెను గోడకు చేతులు ఆన్చి కూర్చోమనండి. నొప్పి మొదలవుతుండగానే నడుము కింది భాగం మీద సన్నటి ధారగా పోస్తూ ఉండండి, నొప్పి తగ్గేదాకా ఆపకండి. నీళ్లు ఒంటి వేడిని మించకూడదు, అంటే 37 డిగ్రీలు. మోచేయి ముంచితే చురుక్కుమనకూడదు. బాలింతకు పోసినట్టు కాగిన నీళ్లు ఇప్పుడు అస్సలు వద్దు. తల్లి ఒళ్లు వేడెక్కితే కడుపులో బిడ్డ గుండె వేగం పెరుగుతుంది. మధ్యమధ్యలో తాగడానికి మంచినీళ్లివ్వండి.

ఉమ్మనీరు పోయాక స్నానం చేయించాలంటే ముందు సిస్టర్‌ను అడగండి. రక్తం పోతున్నా, ఉమ్మనీరు ఆకుపచ్చగా ఉన్నా, జ్వరం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా నీళ్ల సంగతి వదిలేసి వెంటనే డాక్టరుకు చెప్పండి.

నొప్పంతా నడుములోకే లాగుతోందా? అయితే ఒత్తు బాగా పనిచేస్తుంది. ఆమె మంచం మీదకు వంగి నిలబడాలి. పిరుదుల చీలికకు కాస్త పైన చదునైన ఎముక తగులుతుంది. అరచేతి మడమను, అంటే మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని, అక్కడ ఆన్చి, మోచేయి వంచకుండా మీ ఒంటి బరువును మెల్లగా మోపండి. రుద్దకండి, చేయి కదపకండి. నొప్పి ఎక్కేటప్పుడు ఒత్తి, దిగేటప్పుడు వదలండి. చాలామంది భయపడి పైపైన నొక్కుతారు, దానివల్ల ఉపయోగం లేదు. "ఇక్కడేనా, ఇంకాస్త కిందకా?" అని నొప్పికీ నొప్పికీ మధ్య అడగండి. నొప్పి వస్తుండగా ఏమీ అడగకండి, అప్పుడు జవాబు చెప్పే ఓపిక ఆమెకు ఉండదు.

వీటితో నొప్పి పూర్తిగా పోదు, తట్టుకోవడం తేలికవుతుంది. ఆమె మందు కావాలంటే "ఇంకాస్త ఓర్చుకో" అనకండి. వెళ్లి డాక్టరును పిలవండి.

ఈ వారం ఇంట్లో ఒకరి నడుము మీద ఆ ఎముక ఎక్కడుందో వేళ్లతో తడిమి గుర్తుపట్టండి. వచ్చే పాఠంలో ముక్కే సమయంలో సిస్టర్ పెట్టే వేడి గుడ్డ గురించి.