కుక్కల మీద ఫిర్యాదు ఇచ్చినా కదలిక లేదా? ఎక్కడ ఆగిందో చూసుకోండి

కాటు పడితే ముందు ఆస్పత్రి, ఆ తర్వాతే ఆఫీసు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం అద్దుకుని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ పని చేయొద్దు. రక్తం వచ్చిన గాయమైతే వ్యాక్సిన్‌తో పాటు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా పడాలి, అడిగి మరీ వేయించుకోండి. ఓపీ చీటీ మీద ‘కుక్కకాటు’ అనీ, ఏ వీధిలో కరిచిందనీ రాయించండి. రేపు ఫిర్యాదుకు జత చేసేది ఆ చీటీ జిరాక్సే.

‘ఇది మా పరిధి కాదు’ అంటున్నారు

చాలామంది చూసుకోనిది ఇదే. అడ్రసులో శ్రీకాకుళం అనో విజయనగరం అనో ఉన్నంత మాత్రాన అది కార్పొరేషన్ అయిపోదు. ఊరి అంచు లేఅవుట్లు చాలావరకు పక్క పంచాయతీలోనే ఉంటాయి. ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో చూడండి, ఒక్క నిమిషం పని. అదీ మీ ఇంటి రసీదు కాదు, కుక్కలు తిరిగే వీధిలోని ఇంటిది. రోడ్డుకి ఈ పక్క కార్పొరేషన్, ఆ పక్క పంచాయతీ అయిన చోట్లు ఉన్నాయి.

పంచాయతీ అయితే కార్యదర్శికి, అక్కడ కదలకపోతే ఎంపీడీవోకి. కార్పొరేషన్ గానీ, ఆమదాలవలస, బొబ్బిలి, రాజాం లాంటి మున్సిపాలిటీ గానీ అయితే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి, ఆపైన కమిషనర్‌కి. 1962కి ఫోన్ చేసి కుక్కల్ని పట్టమంటే లాభం లేదు, అది పశువైద్యం బండి.

‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది, కుక్కలు మాత్రం అక్కడే ఉన్నాయి

అసలు చిక్కు ఇక్కడుంది. తప్పు ఎక్కువసార్లు ఫిర్యాదు రాసిన తీరులోనే దొరుకుతుంది. ‘మా వీధిలో కుక్కల బెడద ఎక్కువగా ఉంది, వాటిని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిపోండి’ అని రాస్తాం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ‘తీసుకెళ్లిపోండి’ అంటే చట్టం ఒప్పుకోని పని అడిగినట్టే. ‘నిబంధనల మేరకు తరలించుటకు వీలుపడదు’ అని ఒక్క ముక్క ఎండార్స్‌మెంట్ (ఫిర్యాదు మీద అధికారి ఇచ్చే జవాబు) రాసేస్తే ఫైలు మూసేయడానికి అంతకంటే ఏం కావాలి? కాగితం మీద వాళ్ల జవాబు తప్పు కూడా కాదు. అదే మాట మళ్లీ రాసి మళ్లీ పంపితే మళ్లీ అదే జవాబు.

వాళ్లు చేయక తప్పనిదే అడగండి. ముందు కుక్క చెవులు చూడండి. ఆపరేషన్ అయినదానికి చెవి చివర చిన్న కత్తిరింపు ఉంటుంది. ఫొటోలో రెండు చెవులూ పడాలి. ఫిర్యాదు ఇలా ఉండాలి:

‘ఫలానా వార్డు, ఫలానా గుడి వెనక వీధి. ఆరు కుక్కలు, నాలుగింటికి చెవి గుర్తు లేదు. వాటికి ఆపరేషన్, టీకా చేయించగలరు. వాటిలో తెల్లమచ్చల గోధుమరంగు కుక్క ఫలానా తేదీన ఉదయం 6 గంటలకు ఒకరిని కరిచింది, ఓపీ చీటీ జతపరిచాను. దానికి రేబిస్ ఉందేమో పశువైద్యుడితో పరీక్ష చేయించి, పరిశీలనలో ఉంచగలరు.’

ఇప్పుడు ‘వీలుపడదు’ అని రాయడానికి చోటు లేదు. కరిచిన కుక్కనీ మిగతా గుంపునీ విడదీసి రాయడం ముఖ్యం, రెంటికీ వర్తించే నిబంధనలు వేరు.

స్కూలు, ఆస్పత్రి, బస్టాండ్, రైల్వే స్టేషన్, స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఆవరణ అయితే లెక్క మారుతుంది. అక్కణ్ణుంచి తీసిన కుక్కల్ని మళ్లీ అక్కడే వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి చోటైతే మొదటి వాక్యంలోనే ఆ సంస్థ పేరు రాయండి. అక్కడ ‘తొలగించండి’ అని అడగొచ్చు.

ఇంత రాశాక కూడా మూసేస్తే కొత్త ఫిర్యాదు పెట్టకండి, పాత నంబరు మీదే రీఓపెన్ చేయించండి. ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసినా, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చినా ఆ నంబరూ ఎండార్స్‌మెంట్ కాపీ చేతిలో ఉండాలి. నోటిమాట ఫిర్యాదుకి నంబరుండదు, నంబరు లేనిదాన్ని ఎవరూ వెతకరు.

బండి వచ్చింది, ఖాళీగా వెళ్లింది

మిట్టమధ్యాహ్నం వచ్చుంటారు. ఎండకి కుక్కలు కార్ల కిందా కాలవల్లోనూ దూరిపోతాయి. తెల్లారగట్ల అవి ఎక్కడ ముడుచుకుని పడుకుంటాయో ఫిర్యాదులోనే రాసి, చోటు చూపించే మనిషి ఫోన్ నంబరు ఇవ్వండి. ఆ పొద్దు ఎవరూ అన్నం పెట్టకుండా చూసుకోండి, కడుపు నిండిన కుక్క ఎరకి రాదు.

పట్టి వదిలారు, కొత్తవి వచ్చాయి

తిండి దొరికే చోటికే కుక్కలు చేరతాయి, చికెన్ షాపు వ్యర్థాలు ఎక్కడ పోస్తున్నారో చూడండి. ఫిర్యాదు దాని మీద ఇవ్వాలి.

కరిచింది పెంపుడు కుక్క

మున్సిపాలిటీ చుట్టూ తిరగొద్దు, పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. జంతువును అజాగ్రత్తగా వదిలేసినందుకు భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ ఉంది, ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. యజమాని ‘టీకాలు వేయించాం’ అంటే కార్డు చూపించమనండి. ఆ కార్డు ఉన్నా మీ వ్యాక్సిన్ మానొద్దు.

నక్క కరవడం లాంటివి అరుదు. వ్యాక్సిన్ మామూలే, ఫిర్యాదు మాత్రం అటవీశాఖకి.