దమ్ము మొదలయ్యేలోపు: కంపెనీ టైర్లా, బయట చేయించిన కేజ్ వీల్సా?

సోమశిల జలాశయం నుంచి కాలవలకు నీళ్లు వదిలారంటే నెల్లూరు జిల్లా పెన్నా డెల్టాలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట, విడవలూరు వైపు అందరికీ ఒక్కసారే ట్రాక్టర్ కావాలి. పక్కోళ్ల నారు ముదురుతోంది, మన కయ్య ఇంకా దమ్ముకు (నాటుకు ముందు నీళ్లు పెట్టి బురద చేయడానికి) రాలేదన్న టెన్షన్‌లో రాత్రిళ్లు కూడా బండ్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ హడావుడిలో ఎవరి దగ్గర ఏ చక్రాలు దొరికితే అవి బిగించేస్తున్నారు. చక్రాల సంగతి మాత్రం బండి ఇంకా షెడ్డులో ఉండగానే తేల్చుకోవాలి. బురదలో దిగాక తేల్చుకునేది కాదు.

ముందు కంపెనీ టైర్ల మాట. బండితో వచ్చిన టైర్లు దుక్కికీ, ట్రాలీకీ, రోడ్డుకీ అన్నిటికీ పనికొచ్చేలా చేసినవి. పైపైన బురద, కింద గట్టి పొర ఉన్న కయ్యలో, గళ్లు అరగని టైర్లతో రొటావేటర్ (బండి వెనక తిరుగుతూ మట్టిని కలిపే పరికరం) వేసుకుని హాయిగా దమ్ము చేయొచ్చు. గళ్లు లోతుగా ఉండే వరి టైర్లు వేరేగా దొరుకుతాయి, అవి ఇంకా నయం. గళ్లు సగానికి సగం అరిగిపోయిన టైర్లతో మాత్రం దమ్ముకు దిగొద్దు. చక్రం ఉన్నచోటే తిరిగి గుంట తవ్వుకుంటుంది, బండి పొట్ట బురదకు ఆనుతుంది.

బయట వెల్డింగ్ షాపుల్లో చేసే కేజ్ వీల్స్, అంటే ఇనప పట్టీల చక్రాల్లో, రెండు రకాలున్నాయి. టైరు తీసేసి దాని స్థానంలో బిగించే ఫుల్ కేజ్ ఒకటి, టైరు పక్కన అదనంగా బిగించే హాఫ్ కేజ్ ఇంకోటి. నా ఓటు హాఫ్ కేజ్‌కే. టైరు కాస్త దిగబడగానే పక్కనున్న కేజ్ కూడా నేలను ఆనుకుని బరువు పంచుకుంటుంది, బండి బురద మీద తేలుతుంది. అయితే కేజ్ చుట్టుకొలత టైరు కంటే కొంచెం తక్కువే ఉండాలి. ఎక్కువైతే గట్టినేల మీద బండి బరువంతా కేజ్ మీదే పడి ఇరుసు బయటి కొస మీద భారం పెరుగుతుంది. బేరింగులు, ఆయిల్ సీళ్లు తొందరగా పోవడానికి కారణం ఇదే. పట్టు ఎక్కువ వస్తుందని వెడల్పు కేజ్ చేయించుకోవడం కూడా ఇలాంటిదే. ఇరుసు నుంచి బయటికి పోయే ప్రతి అంగుళం దాన్ని వంచే బలాన్ని పెంచుతుంది. షాపుకు వెళ్లేముందు బండితో ఇచ్చిన పుస్తకంలో కేజ్ వీల్స్ గురించి ఏం రాశారో చదవండి. గ్యారంటీ ఇంకా ఉంటే డీలర్‌ని అడిగాకే బిగించండి.

మన డెల్టా నల్లరేగడిలో ఇంకో చిక్కుంది. కేజ్ మీద యాంగిల్ పట్టీలు దగ్గర దగ్గరగా ఉంటే బంకమన్ను వాటి మధ్య ఇరుక్కుని, పది పాట్లు తిరిగేసరికి చక్రం నున్నటి డ్రమ్ములా తయారవుతుంది. పట్టీ కనపడదు, మట్టే కనపడుతుంది. ఇంక పట్టు ఎక్కడ? రేగడికి పట్టీల మధ్య ఎడం ఎక్కువ కావాలి. సముద్రం వైపు ఇసుక కలిసిన కయ్యలకు అంత ఎడం అక్కర్లేదు. పక్క ఊరి బండికి బాగా ఆడిన కేజ్ మీ కయ్యకు సరిపోకపోవడం మామూలే. పట్టీలు ఏటవాలుగా ఉంటే కుడిది ఎడమకు పనికిరాదు, బిగించేటప్పుడు చూసుకోవాలి.

ఫుల్ కేజ్ బాగా దిగబడే కయ్యలకు తప్ప వద్దనే చెబుతాను. దమ్ముకు జానెడు లోతు కూడా అక్కర్లేదు, పది పదిహేను సెంటీమీటర్లు చాలు. ఫుల్ కేజ్ అంతకంటే కిందకి కోసుకుపోయి, ఏళ్ల తరబడి ఏర్పడిన అడుగు గట్టి పొరను చీలుస్తుంది. ఆ పొర పోయిందంటే నీళ్లు నిలవవు, మరుసటేడు కయ్య ఇంకా దిగబడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు మరో సంగతి. ముందు, వెనక చక్రాల సైజుకు తగ్గట్టు గేర్లు లెక్కకట్టి పెట్టి ఉంటాయి. వెనక మాత్రమే వేరే సైజు చక్రం వేసి గట్టినేల మీద నడిపితే గేర్లు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. బురదలోంచి బయటికి రాగానే ఫోర్ వీల్ తీసేయండి.

బిగించేముందు ప్రతి వెల్డింగ్ అతుకూ సుత్తితో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిదే, బొంగురుగా పలికితే పగులుందని అనుమానించాలి. బోల్టులు మొదటి గంట పని అయ్యాక మళ్లీ బిగించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని చక్రం కింద చెయ్యి పెట్టొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది దిగబడిన బండిని తీయడం. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. వెనక చక్రాలు తిరగలేకుండా ఇరుక్కుంటే ఇంజను బలం చక్రాన్ని తిప్పే బదులు ఇరుసు చుట్టూ బండినే పైకి లేపుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేచి, ఒకటిన్నర సెకనులో బండి వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడుతుంది. క్లచ్ మీదకు కాలు వెళ్లేంత టైమ్ కూడా ఉండదు. "అన్నా, దుంగ కట్టి ఇంకొక్కసారి లాగుదాం" అని ఎవరన్నా అంటే అక్కడే ఆపేయండి. చక్రానికి దుంగ కట్టడం, చక్రం ముందు దుంగ అడ్డం వేయడం, క్లచ్ ఒక్కసారిగా వదలడం ఈ మూడూ బండిని తిరగబడేసే పనులే.

చక్రం ఉన్నచోటే తిరగడం మొదలవగానే ఆపండి. రొటావేటర్‌ను తిప్పే పీటీఓ షాఫ్టును ఆపేసి, రొటావేటర్ విప్పేయండి. చక్రాల వెనక మట్టి పారతో తీసి, నిదానంగా రివర్స్‌లో రండి. కదలకపోతే ఇంకో బండి పిలిపించండి. గొలుసు కింద డ్రాబార్‌కే (బండి వెనక లాగే కడ్డీ) కట్టాలి, పైన టాప్ లింక్ (పనిముట్టును పట్టుకునే పై కడ్డీ) దగ్గర ఎప్పుడూ కట్టకూడదు. గొలుసు పొడవుకు రెండింతల దూరం లోపల మనుషులెవరూ ఉండకూడదు, తెగిందంటే కొడుతుంది.

గెనిమ (గట్టు) దాటేటప్పుడు రొటావేటర్ పైకెత్తి ఉంటుంది కాబట్టి ముందుభాగం అసలే తేలిక. స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తే బండి లేవబోతోందని అర్థం. గెనిమ కాస్త చెక్కి, ఐమూలగా కాకుండా నిటారుగా, చిన్న గేరులో దాటించండి. ఎత్తు గెనిమ అయితే రివర్స్‌లో ఎక్కించడమే మేలు. రెండు బ్రేకులనూ కలిపే కొక్కెం వేసుకోండి.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచు, మెడలో తువ్వాలు అందిందంటే మనిషిని లాగేస్తుంది. రొటావేటర్‌కి గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపి తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, వాళ్లెంత ఏడ్చినా సరే. రాత్రి పని ఉంటే వేలాడే కరెంటు తీగలు ఎక్కడున్నాయో పగలే చూసుకోండి.

కేజ్ వీల్స్‌తో తారురోడ్డు ఎక్కొద్దు. రోడ్డు పాడవుతుంది, కేసు పెడతారు, పైగా తారు మీద ఇనుముకు బ్రేకు పట్టదు. ట్రాలీలో వేసుకెళ్లి గట్టు దగ్గర బిగించుకోండి. ఆ అరగంటకూ చేను ఆసామి డబ్బులివ్వాలి. ఇవ్వనంటే డ్రైవర్ అవే చక్రాలతో రోడ్డెక్కుతాడు.

సాయంత్రం బండి కడిగాక ఇరుసు కొసల దగ్గర నూనె చెమ్మ ఉందేమో చూడండి. గేరు ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే సీలు పోయి లోపలికి నీళ్లు దిగాయన్నమాట. ఆయిల్, సీలు మార్చకుండా మర్నాడు కయ్యలో దించొద్దు.