గాయం తర్వాత స్కీ రేసుకు మనసును సిద్ధం చేసుకోవడం

మోకాలి లిగమెంటుకు శస్త్రచికిత్స జరిగిన స్కీ రేసరుకు వైద్యులు సాధారణంగా తొమ్మిది నెలలో, ఏడాదో గడువు చెబుతారు. ఆ గడువు కాలికే గాని మనసుకు కాదు. అందువల్ల కాలికి అనుమతి దొరికిన రోజే పోటీ తేదీని ఖరారు చేసుకోకండి.

ముందుగా, దేనికి భయపడుతున్నారో కాగితం మీద రాసుకోండి. "స్కీయింగ్ అంటే భయం" అని రాస్తే పని జరగదు. గట్టి మంచు మీద ఎడమ మలుపా, గాలిలోకి లేచి దిగే చోటా, వేగమా, పడిపోయిన ఆ కొండేనా అన్నది తేలాలి. మికేలా షిఫ్రిన్ అనే అమెరికన్ రేసరు 2024 నవంబరు 30న అమెరికాలోని కిల్లింగ్టన్‌లో జెయింట్ స్లాలమ్ (గేట్లనే గుర్తు కర్రలు దూరదూరంగా పాతిన కోర్సులో మలుపులు తిరుగుతూ దిగే పోటీ) రెండో పరుగులో పడిపోగా, ఆమె పొట్ట పక్కన లోతైన గాయమైంది. రెండు నెలలకు ఫ్రాన్స్‌లోని కూర్షెవెల్‌లో స్లాలమ్‌కు (గేట్లు దగ్గరదగ్గరగా ఉండే పోటీకి) తిరిగి వచ్చి పదో స్థానంలో నిలిచిన ఆమె, ఫిబ్రవరిలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జెయింట్ స్లాలమ్ టైటిలును నిలబెట్టుకునే అవకాశాన్ని మాత్రం వదులుకున్నారు. ప్రమాదం మిగిల్చిన మానసిక గాయమే కారణమని బహిరంగంగానే చెప్పారు. అదే నెల 23న ఇటలీలోని సెస్ట్రియేర్‌లో, స్లాలమ్‌లోనే, నూరవ వరల్డ్ కప్ విజయం అందుకున్నారు. భయం మనిషి మొత్తాన్నీ పట్టుకోదు, ఒక్కో చోట పట్టుకుంటుంది.

ఆ చోటు తెలిశాక దానికి మెట్లు కట్టుకోండి: గేట్లు లేని వాలు, తర్వాత గేట్లకు బదులు పాతే పొట్టి గుర్తులు, తర్వాత ఐదారు గేట్లు, ఆపైన పూర్తి కోర్సు, చివరగా టైమింగ్. ఒక మెట్టు మీద విసుగు పుట్టేదాకా పై మెట్టెక్కవద్దు. నా దృష్టిలో ధైర్యం కన్నా విసుగే నమ్మదగిన గుర్తు.

"జాగ్రత్తగా వెళ్లు" అని మీకు మీరు చెప్పుకోవడం మానండి. జంకిన శరీరం వెనక్కు వాలుతుంది, బరువు మలుపుకు లోపలి వైపున్న స్కీ మీదికి పోతుంది, మంచు మీద పట్టు తప్పిన బయటి స్కీ ఉన్నట్టుండి మళ్లీ పట్టుకున్నప్పుడు మోకాలు లోపలికి మెలిపడుతుంది. రేసర్ల లిగమెంట్లు తెగే తీరు చాలావరకు ఇదే. దానికి బదులు "బయటి స్కీ, చేతులు ముందుకు" అన్నంత చిన్న ఆదేశం చాలు.

కోర్సు పరిశీలన అయ్యాక కళ్లు మూసుకుని, అరచేతిని స్కీలా వంచుతూ గేటు గేటుకూ మనసులో దిగండి. చేతిలో స్టాప్‌వాచ్ ఉండాలి, ఎందుకంటే ఊహలోని పరుగు అసలు సమయానికి దగ్గరగా రాకపోతే ఎక్కడో ఒక గేటును దాటవేస్తున్నారన్నమాట. ఊహలో పడిపోతే అక్కడే ఆపేయకుండా, రెండు గేట్లు వెనక్కు వెళ్లి, నెమ్మదిగా దాటి, చివరి గీత వరకూ పూర్తి చేయండి.

తొలి రేసుకు స్థానాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. 2001 ఆగస్టులో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు పోయేంత పనైన ఆస్ట్రియా రేసరు హెర్మన్ మైయర్, 2003 జనవరిలో తిరిగి వచ్చి అదే నెల కిట్జ్‌బ్యూల్‌లో సూపర్-జి (జెయింట్ స్లాలమ్ కన్నా వేగంగా సాగే పోటీ) గెలిచిన సంగతి అందరూ చెబుతారు; అంతకుముందు తన పునరాగమన రేసులో రెండో పరుగుకే అర్హత సాధించలేదన్నది చెప్పరు.

పీడకలలు, పడిపోయిన దృశ్యం పదేపదే కళ్లముందు మెదలడం వారాల తరబడి కొనసాగితే అది సాధనతో పోయేది కాదు, క్రీడా మనస్తత్వ నిపుణులను కలవాలి. ఇక స్టార్ట్ గేటులో, తోసుకుని వెళ్లగానే గడియారం మొదలయ్యే అడ్డుకర్ర పిక్క ముందు ఎముకకు ఆనుకుని ఉన్నప్పుడు కూడా వెనక్కు తగ్గే హక్కు మీకుంది. దానికొక మాటను కోచ్‌తో ముందే అనుకోండి, ఆ మాట వాడిన రోజు సాయంత్రం వరకూ కారణం అడగకూడదన్న ఒప్పందంతో సహా.